గుగ్గిలానికి ఆరు చీటీలు

పొద్దున్న ఎనిమిదింటికి ఫిడేలు మేస్త్రి కొట్టు తలుపు తీసేవాడు. ఎనిమిదింపావుకి వాళ్ళక్క పొయ్యి వెలిగించేది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. కింద కొట్టు, కొట్టు వెనక పొయ్యి గది, పైన కాపురం. మేస్త్రి పగిలిన ఫిడేళ్ళు అతికేవాడు, కమానులకి కొత్త వెంట్రుకలు కట్టేవాడు. అక్క ఆ కమానులకి రుద్దే బిళ్ళలు వండేది. దేవదారు మానుకి గాటు పెడితే కారే జిగురు తెప్పించి, మందపాటి గిన్నెలో సన్నసెగ మీద కరిగించి, గుడ్డలో వడగట్టి, రవ్వంత తేనెమైనం కలిపి, గుండ్రటి అచ్చుల్లో పోసి ఆరబెట్టేది. ఆ బిళ్ళ రుద్దకపోతే ఎంత గొప్ప ఫిడేలైనా మూగదే. కమాను తీగల మీద జారిపోవటమే తప్ప ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు.

ఇప్పటి పిల్లలు దాన్ని రోజిన్ అంటున్నారు. పాత మాట గుగ్గిలం. కాని ఆ వీధిలో గుగ్గిలం అంటే బిళ్ళ కాదు, మేస్త్రి అక్క.

ఆవిడకి కోపం వస్తే పాపిట్లోంచి పొగ వచ్చేది. మాటవరసకి అనటం లేదు, నిజం పొగే. తెల్లగా, సన్నగా మొదలై దేవదారు వాసనతో గదంతా నిండేది. అగ్గి మీద గుగ్గిలం అయ్యాడని ఊళ్ళో ఎవరినైనా అంటారు గాని, వీళ్ళింట్లో అది కళ్ళారా చూడొచ్చు. కొట్టుకి కొత్తగా వచ్చినవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి కాస్త పక్కకి జరిగి కూర్చునేవాళ్ళు. మేస్త్రి పని ఆపకుండానే చెయ్యి చాపి కిటికీ తీసేవాడు. ఎదురుగా ఇస్త్రీ కొట్టు ఆవిడైతే, "ఏం, ఇవాళ మీ గుగ్గిలానికి కోపం రాలేదా? దుప్పట్లకి కాస్త వాసన పడుతుందనుకున్నానే" అనేది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారు కదా. ఇక్కడ అది తిరగబడింది. పేరు కోపానిది, వాసన మంచిది.

ముక్కు మీద కోపం ఉన్న మనిషినని ఆవిడ కూడా ఏడేళ్ళప్పుడే ఒప్పేసుకుంది. యాభై రెండేళ్ళొచ్చాయి. ఒప్పుకున్నదాన్ని మళ్ళీ తిరగేసి చూసే తీరిక ఎవరికుంది?

నాలుగు నెలల కిందట మేస్త్రి కూతురికి పాప పుట్టింది. అల్లుడిది ఓడల మీద పని, ఆర్నెల్లకోసారి గాని నేల మీద కాలు పెట్టడు. అందుకని తల్లీబిడ్డా పుట్టింట్లోనే, పై గదిలో ఉన్నారు. మేస్త్రి భార్య ఈ కూతురికి రెండేళ్ళున్నప్పుడే పోయింది. అప్పట్నుంచి తల దువ్వటం దగ్గర్నుంచి బడికి పంపటం దాకా అన్నీ మేనత్తే. అలాంటి పిల్ల ఒడిలోకి ఇంకో పిల్ల వస్తే గుగ్గిలం ఎంత పొంగిపోవాలి! పొంగిపోయింది కూడా, ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేదాకా. దారిలో టాక్సీ అతను గుంతలన్నీ వెతుక్కుని మరీ తోలాడు. గుగ్గిలానికి ఒళ్ళు మండిపోయింది. మెట్లెక్కి పైకొచ్చేసరికి గదంతా పొగ కమ్ముకుంది. పాప రెండుసార్లు దగ్గింది. పచ్చి బాలింత, మూడు రాత్రులుగా కంటిమీద కునుకు లేదు, "అత్తా, కాస్త దూరంగా ఉండవూ" అంది. అన్నది ఆ ఒక్కసారే. మర్నాటికి తనే మర్చిపోయింది.

గుగ్గిలం మర్చిపోలేదు. ఆ రోజు నుంచి ఆ గడప దాటలేదు. ఇవతలే నిలబడి పాపని చూసేది, పాలు కాచి గడప మీద పెట్టేది, ఉతికిన గుడ్డలు చెయ్యి చాచి అందించేది. నాలుగు నెలల్లో ఒక్కసారీ ఎత్తుకోలేదు. చేతులు ఊరుకోవు కదా, ఖాళీగా ఉన్నప్పుడు గాల్లోనే జోకొట్టేవి. ఎవరైనా చూస్తారేమోనని కొంగుకి తుడుచుకున్నట్టు నటించేది. కోపం చెప్పి రాదు. పసిదాని ఊపిరి ఎంతుంటుంది, పిడికెడు. ఏమైనా అయితే ఎవరు తెచ్చిస్తారు?

ఆలోచించి ఆలోచించి ఒక ఉత్తరం రాసింది. కొండల్లో జిగురు వండే కార్ఖానా ఒకటుంది, పని తెలిసిన మనిషి కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. వెంటనే రమ్మని జవాబొచ్చింది. శుక్రవారం పొద్దున్న రైలు. రేకుపెట్టె సర్దేసింది. చూస్తే కదల్లేనని మంగళవారం నుంచి పాప ఉన్న గడప దగ్గరికి కూడా వెళ్ళలేదు. "పని నేర్పటానికి పిలిచారు, ఓ ఏడాది ఉండి వస్తా" అని ఇంట్లో చెప్పింది. అసలు కారణం చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది.

ఆ ముందురోజు, అంటే గురువారం మధ్యాహ్నం మూడింటికి, కొట్టుకి ఒకాయన వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, కాస్త వంగి నడుస్తున్నాడు, చొక్కా జేబు నిండా కాగితపు చీటీలు. నిఘంటువు ఆఫీసులో మాటలు పోగుచేసే ఉద్యోగం ఆయనది. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే గొడవే లేకపోయేది. చెప్పలేదు. చెప్పులు విడిచి లోపలికొస్తూనే, "గుగ్గిలం మీ దగ్గరే ఉందని విన్నానండీ" అన్నాడు.

మేస్త్రి చేతిలో కమాను కింద పెట్టాడు. "ఉంది. వెనక గదిలో పని చేసుకుంటోంది."

మన భాషలో వస్తువైనా ఉంది, ఆడమనిషైనా ఉంది. ఇందులో ఇద్దరి తప్పూ లేదు, వ్యాకరణానిదే తప్పు.

"ఎక్కడ పుట్టిందో మీకేమైనా తెలుసా?" అని మాటలాయన ఒక చీటీ తీశాడు.

"తెలియకపోవటమేంటండీ, ఈ ఇంట్లోనే. ఆ పక్క గదిలో."

"ఈ ఇంట్లోనా!" ఆయన చకచకా రాసుకున్నాడు. "మేం బయట్నుంచి వచ్చిందనుకున్నాం. కుటుంబం?"

"మాదే."

"ఇదివరకెవరైనా తీసుకున్నారా?"

మేస్త్రి గొంతు తగ్గించాడు. "లేదండీ. ఒకరిద్దరు వచ్చారు, చూశారు, పొగకి భయపడి వెళ్ళిపోయారు. మనిషి మాత్రం బంగారం."

మాటలాయనకి ఆ ఆఖరి ముక్క వినపడలేదు, ఆయన చీటీలో మునిగి ఉన్నాడు. "మేం తీసుకుందామనుకుంటున్నామండీ. మా పెద్దలందరూ ఒప్పుకున్నారు. అర్థమొక్కటే సరిగ్గా తేలాలి. తేలితే వచ్చే ఏడాదికి మాలో చేర్చేసుకుంటాం."

మేస్త్రికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాలంగాని కాలంలో అక్కకి సంబంధం, అదీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన సంబంధం. మేస్త్రి నోట్లో నువ్వుగింజ నానదని వీధంతటికీ తెలుసు. అక్కడే కూర్చుని పెద్దగా కేకేశాడు. "అక్కా, పొయ్యి ఆర్పేసి ఇలా రా. నిన్ను చేసుకుంటామని వచ్చారు."

గుగ్గిలం కొంగు బిగించుకునే వచ్చింది. వచ్చినాయన మొహమూ చీటీలూ చూసింది, తమ్ముడి తడికళ్ళు చూసింది. మాటలాయన అప్పటికే చెవులదాకా ఎర్రబడి లేచి నిలబడ్డాడు. "అమ్మా, నేను మాట కోసం వచ్చాను. మాట. గుగ్గిలం అనే మాట."

ఆవిడకి నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి తలుపు పట్టుకుంది. "ఒరే, రేపు ఊరెళ్ళేదాన్ని, ఇవాళ పెళ్ళి చేసేద్దామనుకున్నావా? కూర్చోండి బాబూ. మాటే కదా, కావలసినంత వండి పెట్టాను, చూద్దురు రండి."

పొయ్యి గదిలోకి తీసుకెళ్ళి అన్నీ చూపించింది. గాటు పడిన చెక్క ముక్క, మసక జిగురు, వడగట్టిన గుడ్డ, ఆరిన బిళ్ళ. ఆయన ఒక్కోటీ వాసన చూసి రాసుకున్నాడు. ఆ పని అయిపోయింది. కాని ఆయన లేవలేదు.

"మరి మిమ్మల్నెందుకు ఆ మాటతో పిలుస్తారు?" అన్నాడు.

"కోపిష్టిదాన్ని. ఇంకెందుకు?"

"అది మీరు చెప్పే అర్థం. మేం అర్థాలు అలా రాయం. వాడుకలు పోగుచేస్తాం. ఎవరి విషయంలో, ఎప్పుడు, ఎందుకు వాడారో ఒక్కో చీటీ మీద రాసి పక్కపక్కన పెడితే అర్థం దానంతటదే బయటికొస్తుంది. చెప్పండి, మొదటిసారి ఎప్పుడు?"

ఇన్నేళ్ళలో ఆవిడని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. స్టూలు మీద కూర్చుంది.

"నాకు ఏడేళ్ళు. తమ్ముడికి మూడు. వాడికి కోరింత దగ్గు పట్టుకుంది. మా పిల్లలకి అంటుకుంటుంది, వాణ్ణి ఎక్కడికైనా తీసుకుపొమ్మని, అప్పట్లో మాకీ ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ గుమ్మంలో నిలబడి అరిచింది. అమ్మ ఏడుస్తోంది. నేను వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. అప్పుడొచ్చింది పొగ. అమ్మ చూసి కిటికీ తీసింది."

"తమ్ముడికి తగ్గిందా?"

"తగ్గకేం, అదిగో చూస్తున్నారుగా, ఎలా ఉన్నాడో."

మొదటి చీటీ. రెండోది, బ్యాండు మేళం నాయకుడొకడు తీగ తెగిందని తన కుర్ర వాయిద్యగాణ్ణి ఈ కొట్టులోనే చెంప మీద కొట్టిన రోజు. మూడోది, మేనకోడలికి ఎనిమిదేళ్ళప్పుడు. పిల్లకి నత్తి ఉండేది, క్లాసులో అందరి ముందూ టీచరమ్మ ఆ నత్తిని అనుకరించి నవ్వించింది. గుగ్గిలం బడికెళ్ళి ఒక్క మాటా అనకుండా టీచరమ్మ ముందు నిలబడింది. బడంతా మూడు రోజులు దేవదారు వాసన. "ఆ ఏడాది చలికాలం ఆ బడిలో ఒక్క పిల్లకీ జలుబు చెయ్యలేదని తర్వాత చెప్పుకున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ, నేనైతే నమ్మలేదు."

నాలుగోది చెప్పేముందు పొయ్యి గట్టు కొంగుతో తుడిచింది. టాక్సీ సంగతి చెప్పింది. పాప దగ్గిన సంగతి చెప్పింది. తమ్ముడికి చెప్పనిదీ, మేనకోడలికి చెప్పనిదీ, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేసింది. "దాని ఒళ్ళు ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలీదండీ. చూడటమే గాని ముట్టుకోలేదు. అందుకే వెళ్ళిపోతున్నా. మా వాళ్ళతో అనకండి."

మాటలాయన నాలుగు చీటీలూ పొయ్యి గట్టు మీద వరసగా పేర్చాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఒకటి అడగనా? మీ నత్తి పిల్లని చూసి నవ్వినప్పుడు వచ్చింది. పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంటే వస్తుందా?"

"రాదు."

"ఆ పెళ్ళిచూపులవాళ్ళు పొగ చూసి వెళ్ళిపోయినప్పుడు?"

ఆవిడ గుర్తు చేసుకుంది. "అప్పుడేం రాలేదు. ఏడుపొచ్చింది."

"ఇందాక మీ తమ్ముడు నాలాంటి ముసలాడికి మిమ్మల్ని కట్టబెడుతుంటే?"

"నవ్వొచ్చింది."

"చూడండి మరి." ఆయన వేలితో చీటీలు ఒక్కోటీ తట్టాడు. "తమ్ముడు. ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు. మేనకోడలు. పాప. మీ కోసమని ఒక్కసారీ రాలేదు. కోపమైతే అందరికంటే ముందు మన కోసమే వస్తుందండీ, నాకు తెలుసు, ఆఫీసులో రోజూ చూస్తుంటాను."

గుగ్గిలం వంగి చీటీలు ఒక్కోటీ మళ్ళీ చూసింది.

"పాత పండితులు ఈ మాటని రెండు ముక్కలు చేసి చెప్పారు," అన్నాడాయన. "మొదటి ముక్కకి రోగం అని అర్థం. రెండో ముక్కకి కాపాడటం. రోగం నుంచి కాపాడేది గుగ్గిలం. నిజమో కాదో నేను చెప్పలేను, మాటలు పుట్టేటప్పుడు పక్కనెవరున్నారు? కాని కోపమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సామెతలో కూడా తప్పంతా అగ్గిది. దాని మానాన అదుంటే ఎవరో తీసుకెళ్ళి నిప్పులో వేశారు. చెట్టు దీన్ని ఎందుకు కారుస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు."

తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. దెబ్బ తగిలినచోట, ఆ దెబ్బ మూసుకోవటానికి. అచ్చుల్లో పోసే ప్రతిసారీ ఆ సంగతి తలుచుకునేది, చెట్టు గురించే తలుచుకునేది. ఒక్కసారీ ఇటు తిప్పి చూసుకోలేదు.

"అత్తా."

మెట్ల దగ్గర మేనకోడలు నిలబడి ఉంది, భుజాన పాప. ఎప్పట్నుంచి ఉందో. జుట్టు చెదిరిపోయి ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ ఒక్క రోజు అన్న మాటకా అత్తా నాలుగు నెలలు? నీకు పాపంటే ఇష్టం లేదేమో అనుకున్నా నేను. అడగటానికి భయమేసింది." పాత నత్తి తిరిగొచ్చింది. "పా… పాపకి ముక్కు మూసుకుపోయింది. నిన్న పొద్దుటి నుంచి. డాక్టరు చుక్కలిచ్చాడు, అదే తగ్గుతుందన్నాడు. పాలు పట్టుకుంటుంది, ఊపిరాడక వదిలేస్తుంది, మళ్ళీ ఏడుస్తుంది. ఆకలికి ఏడవటానికి కూడా ఇప్పుడు ఓపిక లేదు దానికి."

పాప నోరు తెరుచుకుని బరువుగా ఊపిరి లాగుతోంది. ప్రతి ఊపిరికీ గొంతు దగ్గర చిన్న గుంట పడుతోంది.

గుగ్గిలం లేచి కొట్టులోకి వచ్చింది. తమ్ముడి వైపు తిరిగింది. "నిన్న పొద్దుటి నుంచా? నీకు తెలుసా?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. "నువ్వు ఊరెళ్తున్నావు, నీకెందుకు కంగారు అని…"

"నోట్లో నువ్వుగింజ నానదు నీకు. వీధిలో ఎవరింట్లో ఏం కూర వండారో అన్నీ చెప్తావు. ఈ ఒక్క మాటా నానబెట్టుకుని కూర్చున్నావా? పసిది రెండు రోజుల నుంచి ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను కిందే ఉండి పెట్టె సర్దుకుంటున్నానురా!"

పాపిట్లోంచి పొగ లేచింది. ఎప్పటిలా సన్నగా కాదు, దండిగా, చుట్టలు చుట్టలుగా. ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని వీధి తలుపు వైపు పరిగెత్తబోయింది. మేస్త్రి అలవాటు ప్రకారం కిటికీ దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు.

"తియ్యొద్దు నాన్నా," అంది కూతురు.

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. ఏడేళ్ళప్పట్నుంచి ఆ పొగకి ఎవరో ఒకరు కిటికీ తీస్తూనే ఉన్నారు. తియ్యొద్దన్నవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు.

మేనకోడలు గది దాటి వచ్చి, తలుపుకీ అత్తకీ మధ్య నిలబడి, పాపని అత్త చేతుల్లో పెట్టింది. ఆవిడ పట్టుకోవటం మర్చిపోయానేమోనని భయపడింది గాని చేతులకి అన్నీ గుర్తున్నాయి. నాలుగు నెలలుగా గాల్లో సాధన చేశాయి కదా. పాప తల ఆవిడ మెడకింద సరిగ్గా ఇమిడింది. పొగ కిందికి దిగి ఇద్దరినీ చుట్టుకుంది. వెనకే వచ్చిన మాటలాయన చీటీలు చేత్తో పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

పాప తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మూడోసారి తుమ్మితే రెండు రోజులుగా ముక్కులో అడ్డుపడ్డదంతా గుగ్గిలం జాకెట్టు మీదికొచ్చింది. ఆ తర్వాత పాప నోరు మూసుకుంది. ముక్కుతో ఊపిరి పీల్చింది, వదిలింది, గొంతు దగ్గర గుంట పడలేదు. తల తిప్పి తల్లి ఎక్కడుందో చూసి కొట్టు కప్పు ఎగిరిపోయేలా ఆకలి ఏడుపు ఏడ్చింది.

మేనకోడలు అక్కడే చాపమీద కూర్చుని పాలిచ్చింది. మగవాళ్ళిద్దరూ గోడవైపు తిరిగి, మేస్త్రి ఫిడేలునీ మాటలాయన చీటీలనీ చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు. పాప గుటకలు గది అంతా వినపడుతున్నాయి. గుగ్గిలం జాకెట్టు తుడుచుకోలేదు. కూర్చుని కళ్ళనిండా ఏడ్చింది. పాలు తాగి నిద్రపోయిన పాపని మళ్ళీ తన ఒళ్ళోకే తీసుకుంది. ఒళ్ళు ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అనుకున్నదానికంటే మెత్తగా ఉంది.

శుక్రవారం రైలు దాని టైముకి అది వెళ్ళింది. రేకుపెట్టెలో ఇప్పుడు పాప గుడ్డలున్నాయి. కార్ఖానాకి మేస్త్రే ఉత్తరం రాశాడు, అందులో అవసరం లేని సంగతులు కూడా రెండు పేజీలు రాశాడు.

మాటలాయన ఆ రోజు అయిదో చీటీ రాసుకుని వెళ్ళాడు. పై గురువారం మళ్ళీ వచ్చాడు, మాట ఇంకా పూర్తి కాలేదన్నాడు. ఆ పై గురువారం కూడా పూర్తి కాలేదు. వర్షాకాలం వెళ్ళింది, చలికాలం వెళ్ళింది. నిఘంటువు ఆఫీసులో మిగిలినవాళ్ళు ఘ దాటి చ లోకి వెళ్ళిపోయారని, ఈయనొక్కడే గ దగ్గర కూర్చున్నాడని ఇస్త్రీ కొట్టు ఆవిడ నవ్వేది. మేస్త్రి మాత్రం ఈసారి నోరు మెదపలేదు. గురువారం వస్తే మూడింటికి ఆయనకో కుర్చీ తుడిచి పెట్టేవాడు.

పాపకి పదకొండు నెలలు నిండాయి. ఒక గురువారం గుగ్గిలం పొయ్యి దగ్గరుంది. అచ్చుల్లో పోసే వేళ, మధ్యలో వదలటానికి లేదు. పాప చాపమీంచి పాక్కుంటూ వచ్చి గది గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తింది. అంతవరకు దాని నోట మాట రాలేదు, ఏ మాటా రాలేదు.

"గుగ్గి," అంది.

గుగ్గిలం గిన్నె దించేసింది. జిగురు అచ్చులో కొంత, గట్టు మీద కొంత పోయింది. ఒక పూట వంట పాడైందని ఎవరికీ కోపం రాలేదు.

కుర్చీలో మాటలాయన కళ్ళజోడు వెతుక్కుని, జేబులోంచి కొత్త చీటీ తీసి నెమ్మదిగా రాశాడు.

"గుగ్గి. గుగ్గిలానికి కొత్త రూపం. వాడినవారు: పదకొండు నెలల పాప. అర్థం: ఎత్తుకో."